ఎలక్ట్రానిక్ ప్రదర్శన పలకలు: పనితీరు, ఉపయోగాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

– ఏడు గీతలతో అంకెలు ఎలా ఏర్పడతాయో వివరించగలుగుతారు.
– ఎల్.ఇ.డి., ఎల్.సి.డి., సి.ఆర్.టి. తెరల మధ్య భేదాలు చెప్పగలుగుతారు.
– ఏ పనికి ఏ రకం పలక తగినదో కారణాలతో చెప్పగలుగుతారు.
– ఎలక్ట్రానిక్ కాటా చూపే అంకె సరైనదో కాదో పరీక్షించుకోగలుగుతారు.

1. పరిచయం

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ పెద్ద రైల్వే కేంద్రం. ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉంది. ఈ జోను 2003 ఏప్రిల్ 1 నుంచి పనిచేస్తోంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి రైలు ఉద్యోగాల కోసం వచ్చి ఈ ఊళ్ళో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, ఛత్తీస్‌గఢీ మాట్లాడుకునే కుటుంబాలవి.

అలాంటి ఇంటివారు ఒకరు సదర్ బజార్‌లో నగల దుకాణానికి వెళ్ళారనుకుందాం. పాత గొలుసు ఇచ్చి కొత్తది తీసుకోవాలి. దుకాణదారు గొలుసును చిన్న గాజు పెట్టెలోని పళ్ళెం మీద పెడతాడు. ఎదురుగా ఎర్రటి అంకెలు వెలుగుతాయి. ఆ అంకెలను బట్టే గొలుసు విలువ తేలుతుంది. పూర్వం త్రాసు ముల్లు ఎటు మొగ్గిందో కొనేవారు కళ్ళారా చూసేవారు. ఇప్పుడు కనిపించేది అంకె మాత్రమే. కాబట్టి ఆ అంకె ఎలా ఏర్పడుతుందో, ఎప్పుడు తప్పుగా కనిపించవచ్చో తెలుసుకోవడం చదువుకున్నవారికీ చదువుకోనివారికీ అవసరమే.

కాటా, రైల్వే స్టేషన్ బోర్డు, గడియారం, లెక్కల యంత్రం, టెలివిజన్, ఫోను వంటి వాటన్నిటిలోనూ ప్రదర్శన పలక ఉంటుంది. యంత్రం లోపల ఉన్న విద్యుత్ సంకేతాన్ని మన కంటికి కనిపించే రూపంలోకి మార్చేదే ప్రదర్శన పలక. దీన్నే వాడుకలో డిస్‌ప్లే అంటాం.

ఇక్కడ ఒక ముఖ్య విషయం గుర్తుంచుకోండి. యంత్రం లెక్క కట్టేది ఒక చోట, మనకు చూపేది మరొక చోట. లెక్క సరిగ్గా ఉండి, చూపడంలో లోపం ఉండవచ్చు. చూపడం సరిగ్గా ఉండి, లెక్కలో లోపం ఉండవచ్చు. ఈ రెండింటినీ విడివిడిగా పరీక్షించాలి.

2. ఏడు గీతల అంకె

కాటా మీద వెలిగే 8 అంకెను దగ్గరగా చూడండి. అది ఏడు చిన్న గీతల కూర్పు. పైన ఒక అడ్డగీత, మధ్యలో ఒకటి, కింద ఒకటి, మొత్తం మూడు అడ్డగీతలు. ఎడమ వైపు పైన ఒకటి, కింద ఒకటి. కుడి వైపు పైన ఒకటి, కింద ఒకటి, మొత్తం నాలుగు నిలువుగీతలు. ఈ ఏడింటిలో కొన్నింటిని వెలిగించి, కొన్నింటిని ఆర్పి 0 నుంచి 9 వరకు ఏ అంకెనైనా చూపవచ్చు.

ఒక్కొక్క అంకెకు వెలిగే గీతల సంఖ్య ఇలా ఉంటుంది:

అంకె 1: రెండు గీతలు
అంకె 7: మూడు గీతలు
అంకె 4: నాలుగు గీతలు
అంకెలు 2, 3, 5: ఒక్కొక్కదానికి ఐదు గీతలు
అంకెలు 0, 6, 9: ఒక్కొక్కదానికి ఆరు గీతలు
అంకె 8: ఏడు గీతలు

కొన్ని పలకల్లో 6కు పై అడ్డగీత, 9కి కింది అడ్డగీత, లేకుండా కూడా చూపుతారు. దశాంశ బిందువు కోసం పక్కన వేరే చుక్క ఉంటుంది.

ఈ పద్ధతి చాలా పొదుపైనది. పది అంకెలకు పది బొమ్మలు అక్కరలేదు. ఏడు గీతలు చాలు. కాని ఇందులోనే ఒక చిక్కు ఉంది. ఒక్క గీత పాడైతే అంకె చెడిపోయినట్లు కనిపించకపోవచ్చు. అది మరో మంచి అంకెలా కనిపించవచ్చు. ఈ ఉదాహరణలు చూడండి.

8లో మధ్య గీత వెలగకపోతే 0 కనిపిస్తుంది.
8లో ఎడమ కింది గీత వెలగకపోతే 9 కనిపిస్తుంది.
8లో కుడి పై గీత వెలగకపోతే 6 కనిపిస్తుంది.
9లో కుడి పై గీత వెలగకపోతే 5 కనిపిస్తుంది.
9లో ఎడమ పై గీత వెలగకపోతే 3 కనిపిస్తుంది.
7లో పై గీత వెలగకపోతే 1 కనిపిస్తుంది.

కృత్యం 1: ఏడు అగ్గిపుల్లలతో 8 అంకెను పేర్చండి. ఒక్కొక్క పుల్లను తీసి చూసి, మళ్ళీ అదే చోట పెట్టండి. ఏ పుల్ల తీస్తే మరో అంకె వస్తుంది? ఏ పుల్ల తీస్తే అర్థం లేని ఆకారం వస్తుంది? మీ పుస్తకంలో రాసుకోండి.

3. ఎల్.ఇ.డి. అంటే ఏమిటి?

కాటాలో ఎర్రగా వెలిగే గీతల వెనుక ఉండేది ఎల్.ఇ.డి., అంటే కాంతిని వెదజల్లే డయోడ్. ఇది అర్ధవాహక పదార్థంతో తయారవుతుంది. ఇందులో రెండు పొరలు కలిసి ఉంటాయి. ఒక పొరలో ఎలక్ట్రాన్లు అధికంగా ఉంటాయి. రెండో పొరలో ఎలక్ట్రాన్లు ఉండవలసిన చోట ఖాళీలు ఉంటాయి. సరైన దిశలో విద్యుత్తును పంపితే ఎలక్ట్రాన్లు సరిహద్దు వద్దకు చేరి ఆ ఖాళీల్లోకి జారుతాయి. అలా జారినప్పుడు వాటి దగ్గర ఉన్న అదనపు శక్తి కాంతిగా బయటికి వస్తుంది.

మామూలు బల్బులో సన్నని తీగ ఎర్రగా కాలి వెలుగునిస్తుంది. అందులో ఎక్కువ శక్తి వేడిగా పోతుంది. ఎల్.ఇ.డి.లో కాలే తీగ లేదు. అందుకే అది తక్కువ విద్యుత్తుతో వెలుగుతుంది, చాలా కాలం మన్నుతుంది.

కాంతి రంగు పదార్థాన్ని బట్టి మారుతుంది. కంటికి కనిపించే ఎర్రని ఎల్.ఇ.డి.ని 1962లో అమెరికాలో నిక్ హోలోన్యాక్ తయారుచేశారు. నీలి ఎల్.ఇ.డి. చాలా ఆలస్యంగా వచ్చింది. ప్రకాశవంతమైన నీలి కాంతిని సాధించినందుకు ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజి నకమురా అనే శాస్త్రజ్ఞులకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. నీలి కాంతి వచ్చాకే తెల్లని ఎల్.ఇ.డి. దీపాలు సాధ్యమయ్యాయి. నీలి ఎల్.ఇ.డి. మీద పసుపు కాంతినిచ్చే పూత పూస్తే, రెండు కాంతులూ కలిసి మన కంటికి తెల్లగా కనిపిస్తాయి.

ఎర్రని ఎల్.ఇ.డి. వెలగడానికి సుమారు 2 వోల్టులు చాలు. ఒక గీతకు 10 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తు కావాలనుకుందాం. అప్పుడు 8 అంకెకు 7 × 10 = 70 మిల్లీ ఆంపియర్లు కావాలి. ఆరు అంకెల పలకలో అన్నీ 8లే వెలిగితే 420 మిల్లీ ఆంపియర్లు అవుతుంది. గోడ ప్లగ్గు నుంచి విద్యుత్తు తీసుకునే కాటాకు ఇది భారం కాదు. చేతి గడియారంలోని చిన్న బ్యాటరీకి మాత్రం చాలా ఎక్కువ.

4. చుక్కల పలక: స్టేషన్ బోర్డు

ఏడు గీతలతో అంకెలు రాయవచ్చు గాని తెలుగు, హిందీ అక్షరాలు రాయలేం. అందుకు చుక్కల పలక కావాలి. వరుసలుగా, నిలువు బారులుగా పేర్చిన ఎల్.ఇ.డి. చుక్కల్లో కావలసినవి వెలిగించి అక్షరాన్ని గీస్తారు. ఇంగ్లీషు అక్షరానికి 5 నిలువు బారులు, 7 వరుసలు, అంటే 35 చుక్కలు చాలు. గుణింతాలు, ఒత్తులు ఉన్న మన లిపులకు ఇంకా ఎక్కువ వరుసలు కావాలి. చుక్కలు తక్కువైతే ఒత్తు, అక్షరం కలిసిపోయి చదవడం కష్టమవుతుంది.

బిలాస్‌పూర్ ప్లాట్‌ఫారం దేశంలోని పొడవైన ప్లాట్‌ఫారాల్లో ఒకటి. దాని పొడవు సుమారు 800 మీటర్లు. అంత పొడవున రైలు పెట్టె ఎక్కడ ఆగుతుందో తెలియకపోతే పిల్లలతో, సామానుతో పరుగులు తీయవలసిందే. ఇలాంటి స్టేషన్లలో పెట్టె సంఖ్యను చూపే బోర్డులు ప్రయాణికులకు చేసే మేలు ఇంతా అంతా కాదు. ఎల్.ఇ.డి. తానే వెలుగుతుంది కనుక రాత్రిపూట కూడా దూరం నుంచి కనిపిస్తుంది. అందుకే స్టేషన్లకు, బస్సు ముందు భాగాలకు ఇది తగినది.

ఈ బోర్డులోని చుక్కలన్నీ ఒకేసారి వెలుగుతున్నట్లు కనిపిస్తాయి. కాని చాలా బోర్డుల్లో అలా జరగదు. వరుసలు ఒకదాని తరువాత ఒకటి అతి వేగంగా వెలిగి ఆరుతుంటాయి. దీపావళికి కాకరపువ్వొత్తిని గిర్రున తిప్పితే నిప్పు వలయం కనిపిస్తుంది కదా! చూసిన కాంతి కంట్లో క్షణకాలం నిలిచి ఉండటమే ఇందుకు కారణం. దీన్నే దృష్టి స్థిరత అంటారు. ఈ పద్ధతి వల్ల తీగలు తగ్గుతాయి, విద్యుత్తు ఆదా అవుతుంది. అంకెల కాటాల్లో కూడా ఈ పద్ధతినే ఎక్కువగా వాడతారు.

కృత్యం 2: ఎల్.ఇ.డి. బోర్డును ఫోను కెమెరాతో చూడండి. కొన్నిసార్లు బోర్డు మీద నల్లని పట్టీలు కదులుతున్నట్లు కనిపిస్తాయి. బోర్డు పాడైందనుకోకండి. కంటికి అందని ఆ వెలుగు ఆరుడును కెమెరా పట్టుకుంది, అంతే.

5. ఎల్.సి.డి.: కాంతిని ఆపే పలక

చేతి గడియారం, లెక్కల యంత్రం, జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరు చూడండి. బూడిద రంగు నేల మీద నల్లని అంకెలుంటాయి. చీకట్లో అవి కనిపించవు. ఎందుకంటే ఎల్.సి.డి. తానుగా వెలగదు. ఇతర కాంతిని పోనివ్వడం, ఆపడం మాత్రమే దాని పని.

ఎల్.సి.డి. అంటే ద్రవ స్ఫటిక ప్రదర్శన పలక. 1888లో ఆస్ట్రియా దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ రైనిట్జర్ ఒక వింత పదార్థాన్ని గమనించాడు. అది 145.5 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగి మసక ద్రవమైంది. 178.5 డిగ్రీల వద్ద ఆ మసక పోయి తేట ద్రవమైంది. మధ్యలో ఉన్న మసక స్థితే ద్రవ స్ఫటికం. అది నీరులా పారుతుంది, కాని దాని అణువులు స్ఫటికంలోలాగా ఒక క్రమంలో నిలబడి ఉంటాయి. మన దేశంలో బెంగుళూరులోని రామన్ పరిశోధన సంస్థలో శివరామకృష్ణ చంద్రశేఖర్ బృందం 1977లో పళ్ళెం ఆకారపు అణువులున్న కొత్త రకం ద్రవ స్ఫటికాలను కనుగొంది.

దీని పనితీరును ఒక పోలికతో తెలుసుకుందాం. ఒక కిటికీకి నిలువు ఊచలు, దాని వెనుక మరో కిటికీకి అడ్డ ఊచలు ఉన్నాయనుకోండి. వెడల్పాటి రూళ్ళకర్రను నిలువుగా పట్టుకుంటే మొదటి కిటికీలోంచి దూరుతుంది. రెండో కిటికీ దగ్గర ఆగిపోతుంది. మధ్యలో ఎవరైనా దాన్ని పావు చుట్టు తిప్పితే రెండోదాంట్లోంచి కూడా దూరుతుంది.

ఎల్.సి.డి.లో కిటికీల స్థానంలో ధ్రువణ పలకలు ఉంటాయి. ఇవి ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే పోనిస్తాయి. వాటి మధ్య ఉన్న ద్రవ స్ఫటికపు అణువులు మెలికల మెట్ల వరుసలా పేర్చి ఉండి, కాంతి కంపన దిశను 90 డిగ్రీలు తిప్పుతాయి. అందువల్ల కాంతి రెండో పలకను దాటుతుంది. ఆ చోటు తెల్లగా ఉంటుంది. ఒక గీతకు వోల్టేజి ఇస్తే అక్కడి అణువులు నిటారుగా నిలబడతాయి. మెలిక పోతుంది, కాంతి తిరగదు, రెండో పలక దాన్ని ఆపేస్తుంది. ఆ గీత నల్లగా కనిపిస్తుంది.

కాంతిని పుట్టించే పని లేదు కనుక దీనికి అతి స్వల్ప విద్యుత్తు చాలు. బొత్తాం అంత బ్యాటరీతో గడియారం ఏళ్ళ తరబడి నడుస్తుంది. పక్క నుంచి చూస్తే అంకె మసకబారడం, బాగా చలిలో అంకెలు నెమ్మదిగా మారడం దీని లోపాలు. చీకట్లో చదవాలంటే వెనుక దీపం పెట్టాలి.

6. గాజు గొట్టపు టెలివిజన్

ఇప్పటి పలుచని తెరలకు ముందు టెలివిజన్ అంటే వెనుక పెద్ద బుర్ర ఉన్న పెట్టె. అందులో ఉండేది సి.ఆర్.టి., అంటే కాథోడ్ కిరణ నాళం. దీన్ని 1897లో జర్మనీకి చెందిన కార్ల్ ఫెర్డినాండ్ బ్రాన్ రూపొందించారు. గాలి తీసేసిన గాజు నాళం వెనుక భాగం నుంచి ఎలక్ట్రాన్ల ధార బయలుదేరి ముందున్న తెరను తాకుతుంది. తెర లోపలి పూత తాకిన చోటల్లా వెలుగుతుంది. విద్యుదయస్కాంతాలు ఈ ధారను ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి నడిపిస్తాయి. పొలంలో చాలు వెంట చాలు దున్నినట్లు ధార తెరంతా గీతలు గీస్తుంది. మన దేశపు పద్ధతిలో ఒక బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు.

బిలాస్‌పూర్ ప్రాంతానికి ఈ తెరతో పాత పరిచయమే ఉంది. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు ఉపగ్రహం ద్వారా గ్రామాలకు విద్యా కార్యక్రమాలు పంపే సైట్ ప్రయోగం జరిగింది. ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలను ఇందుకు ఎంచుకున్నారు. అప్పటి మధ్యప్రదేశ్‌లోని బిలాస్‌పూర్, రాయపూర్, దుర్గ్ జిల్లాల గ్రామాలు ఇందులో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ గ్రామాలు కూడా ఉన్నాయి. ఊరంతా ఒకచోట కూర్చుని సేద్యం, ఆరోగ్యం గురించి ఒకే తెర మీద చూశారు. అంటే తెర వినోదం కోసమే కాదు, చదువు కోసం కూడా పల్లెకు వచ్చిందన్నమాట.

హెచ్చరిక: పాత సి.ఆర్.టి. టెలివిజన్‌ను ఇంట్లో విప్పకండి. రంగుల టెలివిజన్ నాళంలో 20,000 వోల్టులకు పైగా ఉంటుంది. ప్లగ్గు తీసిన తరువాత కూడా కొంత విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. దాని గాజులో సీసం కలిసి ఉంటుంది. పగలగొట్టి చెత్తలో పారవేయకుండా ఎలక్ట్రానిక్ వ్యర్థాలు సేకరించేవారికి ఇవ్వాలి.

7. రంగుల తెర

రంగుల తెర ఏదైనా మూడు రంగుల చుక్కలతోనే ఏర్పడుతుంది: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ఎరుపు, ఆకుపచ్చ కలిసి వెలిగితే పసుపు కనిపిస్తుంది. మూడూ పూర్తిగా వెలిగితే తెలుపు, మూడూ ఆరితే నలుపు.

1920 నిలువు బారులు, 1080 వరుసలు ఉన్న తెరలో 1920 × 1080 = 20,73,600 బిందువులుంటాయి. ఒక్కొక్క బిందువులో మూడు రంగుల భాగాలుంటే మొత్తం 62,20,800 భాగాలు.

ఎల్.సి.డి. టెలివిజన్‌లో వెనుక తెల్లని దీపాలుంటాయి; ముందున్న ద్రవ స్ఫటికాలు కాంతిని కావలసినంత పోనిస్తాయి. బజారులో "ఎల్.ఇ.డి. టీవీ" అని అమ్మేవాటిలో ఎక్కువ భాగం నిజానికి ఎల్.సి.డి. టీవీలే; వెనుక దీపాలు ఎల్.ఇ.డి.లు కావడంతో ఆ పేరు వచ్చింది. ఓ.ఎల్.ఇ.డి. తెరలో మాత్రం ప్రతి బిందువూ తానే వెలుగుతుంది. నలుపు కావాలంటే ఆ బిందువు ఆరిపోతుంది. అందుకే అందులో నలుపు మరింత నల్లగా ఉంటుంది.

8. కాటా ముందు నిలబడినప్పుడు

ఇప్పుడు సదర్ బజార్ దుకాణానికి వద్దాం. గొలుసు అసలు తూకం 8.620 గ్రాములు. లెక్క సులువుగా ఉండటానికి గ్రాము ధర 10,000 రూపాయలు అనుకుందాం.

మీరు గొలుసు కొంటున్నారు. మొదటి అంకెలో ఎడమ కింది గీత పాడైంది. 8కి బదులు 9 కనిపిస్తుంది. పలక 9.620 చూపుతుంది. ఒక గ్రాము ఎక్కువ, అంటే 10,000 రూపాయల నష్టం.

మీరు గొలుసు అమ్ముతున్నారు. ఈసారి కుడి పై గీత పాడైంది. 8కి బదులు 6 కనిపిస్తుంది. పలక 6.620 చూపుతుంది. రెండు గ్రాములు తక్కువ, అంటే 20,000 రూపాయల నష్టం.

ఇందులో దుకాణదారు మోసం ఉండనక్కరలేదు. అతనికీ అదే అంకె కనిపిస్తుంది. కాబట్టి పరీక్షించమని అడగడం అనుమానించడం కాదు. ఇద్దరికీ మేలు చేసే పని. ఈ కింది జాగ్రత్తలు పాటించండి.

ఒకటి: కాటాను ఆపి మళ్ళీ వేయమని అడగండి. చాలా యంత్రాలు మొదట అన్ని స్థానాల్లో 8లను, చుక్కలను వెలిగిస్తాయి. 8లో ఏడు గీతలూ ఉంటాయి కనుక పాడైన గీత వెంటనే బయటపడుతుంది. మొదట 8లు ఎందుకు వెలుగుతాయో ఇప్పుడు మీకు తెలిసింది కదా!

రెండు: ఖాళీ పళ్ళెం మీద 0.000 ఉందో లేదో చూడండి. గిన్నె లేదా కాగితం పెడితే, టేర్ మీట నొక్కి దాని బరువు తీసివేసిన తరువాతే వస్తువు పెట్టాలి.

మూడు: కొనేవారి వైపు పలక, అమ్మేవారి వైపు పలక రెండూ చూడండి. రెండింటికీ లెక్క ఒకే చోటు నుంచి వస్తుంది. అంకెలు వేరుగా ఉంటే ఏదో ఒక పలకలో గీత పాడైందని అర్థం. యంత్రం చీటీ అచ్చు వేస్తే దానితో కూడా పోల్చండి.

నాలుగు: చివరి అంకె నిలకడగా నిలిచే వరకు ఆగండి. ఫ్యాను గాలికి కూడా నగల కాటా కదులుతుంది. గాజు పెట్టె ఉన్నది అందుకే. దాని తలుపు మూసి ఉండాలి.

ఐదు: పలక బాగున్నంత మాత్రాన తూకం సరైనదని కాదు. లెక్కను పరీక్షించడానికి ప్రమాణ బరువును పెట్టి చూపమనండి. తూనికలు కొలతల శాఖ వేసిన ముద్ర ఉందో, గడువు ఉందో చూడండి. 2009 చట్టం, 2011 నియమాల ప్రకారం ఎలక్ట్రానిక్ కాటాలను 12 నెలలకోసారి తనిఖీ చేయించి ముద్ర వేయించాలి. మరమ్మతు చేసిన కాటాను కూడా మళ్ళీ తనిఖీ చేయించిన తరువాతే వాడాలి. సందేహం తీరకపోతే ఆ శాఖ కార్యాలయంలో ఫిర్యాదు చేయవచ్చు.

ఈ జాగ్రత్తలు నగలకే కాదు, కూరగాయల కాటాకూ, రేషన్ దుకాణం కాటాకూ వర్తిస్తాయి.

9. సారాంశం

ప్రదర్శన పలక విద్యుత్ సంకేతాన్ని కంటికి కనిపించేలా చేస్తుంది. ఎల్.ఇ.డి. తానే వెలుగుతుంది, దూరానికి, చీకటికి తగినది. ఎల్.సి.డి. కాంతిని ఆపుతుంది, పోనిస్తుంది. బ్యాటరీతో నడిచే పరికరాలకు తగినది. సి.ఆర్.టి. ఎలక్ట్రాన్ల ధారతో బొమ్మ గీస్తుంది. దాని స్థానాన్ని పలుచని తెరలు ఆక్రమించాయి. ఏడు గీతల అంకెలో ఒక్క గీత పాడైతే అంకె మరో అంకెగా మారవచ్చు. అందుకే 8తో పరీక్షించాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పలక మీద 9.450కి బదులు 5.450 కనిపించింది. ఏ గీత పాడై ఉంటుంది?
2. చేతి గడియారానికి ఎల్.సి.డి. ఎందుకు తగినది?
3. అమ్మేవారి వైపు 7.300, కొనేవారి వైపు 1.300 కనిపిస్తున్నాయి. ఏ పలకలో లోపం ఉంది? ఎలా చెప్పగలరు?
4. కాటా వేసినప్పుడు 8లన్నీ సరిగ్గా వెలిగాయి. తూకం సరైనదేనని చెప్పవచ్చా?

జవాబులు

1. మొదటి అంకెలో కుడి పై గీత.
2. అది కాంతిని పుట్టించదు కనుక అతి తక్కువ విద్యుత్తు చాలు. చిన్న బ్యాటరీ ఎక్కువ కాలం వస్తుంది.
3. కొనేవారి వైపు పలకలో. 7లో పై గీత వెలగకపోతే 1 కనిపిస్తుంది. ఒక గీత ఆరిపోవడం వల్ల 1 అనేది 7గా మారదు.
4. చెప్పలేం. పలక బాగుందని మాత్రమే తెలుస్తుంది. తూకం కోసం ప్రమాణ బరువుతో పరీక్షించాలి, ముద్ర చూడాలి.